దేనికి భయపడాలి, దేన్ని వదిలేయాలి? ఎలా తేల్చుకోవాలో చెప్పండి

రాత్రిదీపం

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదివి సలహా ఇవ్వండి.

ఏడాది నుంచి నాకు తిండి గురించి భయం పట్టుకుంది. బాబు పుట్టాక మొదలైంది. ఫోన్ తీస్తే చాలు, ఇది తింటే క్యాన్సర్, అది వాడితే కిడ్నీలు పోతాయి అంటూ ఏదో ఒకటి కనపడుతుంది, చదివాక నిద్ర పట్టదు. ప్లాస్టిక్ డబ్బాలన్నీ తీసేశాను. చక్కెర లేని తీపి బిళ్లలు పారేశాను. మైక్రోవేవ్ వాడటం మానేశాను. కొనే ప్రతి ప్యాకెట్ వెనక ఉన్న చిన్న అక్షరాల్ని ఫోన్‌తో జూమ్ చేసి చదువుతాను, అర్థం కాని పేరు ఒక్కటి కనపడినా మళ్లీ అరలో పెట్టేస్తాను. మా ఆయన మొదట్లో సర్దుకుపోయారు గానీ ఇప్పుడు భోజనం దగ్గర మాటా మాటా పెరగని రోజు లేదు.

ఇంతలో పోయిన నెల మా అత్తగారు అర్ధరాత్రి బాత్‌రూమ్‌కి వెళ్లి తడి నేల మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆవిడకి 71 ఏళ్లు. ఆపరేషన్‌కి ముందు చూస్తే బీపీ 180 దగ్గర ఉంది. మోకాళ్ల నొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్లలు రెండేళ్లుగా రోజూ వేసుకుంటున్నారని అక్కడ డాక్టరు అడిగితేగానీ మాకు తెలియలేదు. కంచం ముందు పెట్టగానే రుచి కూడా చూడకుండా ఉప్పు చల్లుకోవడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. ఆ బాత్‌రూమ్‌లో బల్బు పోయి పది రోజులైంది, మార్చాలి మార్చాలి అనుకుంటూనే ఉన్నాం. ఆ పది రోజులూ నేను కూర్చుని చదివింది పెనం మీది నాన్‌స్టిక్ పూత గురించి.

ఆస్పత్రి వరండాలో కూర్చున్నంతసేపూ నన్ను ఇదే తొలిచేసింది. నేను జాగ్రత్తపడిన వాటిలో ఒక్కటీ ఆవిడకి హాని చేయలేదు, హాని చేసిన వాటిలో ఒక్కదాన్నీ నేను పట్టించుకోలేదు.

అందుకే అడుగుతున్నాను. దేనికి ఎంత భయపడాలో మామూలు మనిషి ఎలా తేల్చుకోవాలి? ప్రాసెస్ చేసిన మాంసం, పొగాకు ఒకే గ్రూపులో ఉన్నాయని చదివాను, అంటే ఒక సాసేజ్ తింటే ఒక సిగరెట్ తాగినట్టేనా? మిగిలిన అన్నం మళ్లీ వేడి చేసుకుని తినొచ్చా? రోజూ ఇంట్లో నిజంగా చూసుకోవాల్సినవి ఏంటి? తెలిసినవాళ్లు చెప్పండి. "అన్నీ మితంగా తినండి" అని మాత్రం దయచేసి రాయకండి, అది నాకు ఏ పనికీ రాలేదు.

కొలతమనిషి

ముందు మీ అత్తగారు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నానండి. ఆ బల్బు గురించి మిమ్మల్ని మీరు తినేసుకోకండి, ఆ పని ఇంట్లో నలుగురిదీ.

నేను పన్నెండేళ్లుగా ఆహార పదార్థాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మీ సాసేజ్, సిగరెట్ ప్రశ్న రోజూ ఎవరో ఒకరు అడుగుతారు, దానికి జవాబు దొరికితే మిగతావి చాలావరకు వాటంతట అవే సర్దుకుంటాయి.

ఒక వస్తువుకి హాని చేయగల గుణం ఉండటం వేరు, మనం వాడే తీరులో, వాడే మోతాదులో దానివల్ల మనకి ఎంత ముప్పు అన్నది వేరు. పులికి మనిషిని చంపే గుణం ఉంది. బోనులో ఉన్న పులి, మన పెరట్లో ఉన్న పులి రెండూ పులులే, ముప్పు మాత్రం ఒకటి కాదు కదా. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, అదే ఐఏఆర్‌సీ, చేసే గ్రూపులు మొదటి సంగతి మాత్రమే చెబుతాయి: "ఇది క్యాన్సర్ తెస్తుందనడానికి రుజువు ఎంత గట్టిగా ఉంది" అని. ఎంత తెస్తుంది అన్నది ఆ గ్రూపు చెప్పదు. 2015లో వాళ్లు ప్రాసెస్ చేసిన మాంసాన్ని గ్రూప్ 1లో పెట్టారు. పొగాకు కూడా గ్రూప్ 1. ఎండ కూడా గ్రూప్ 1. రుజువు మూడింటికీ గట్టిగానే ఉంది, దెబ్బ మాత్రం సమానం కాదు.

ఇక లెక్క. రోజూ 50 గ్రాముల ప్రాసెస్ చేసిన మాంసం, అంటే రోజుకో సాసేజ్ అనుకోండి, తినేవాళ్లలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు సుమారు 18 శాతం పెరుగుతుందని వాళ్లు చెప్పారు. వార్తల్లో ఈ 18 ఒక్కటే వస్తుంది. దేని మీద 18 అన్నది రాయరు. 100 మందిలో జీవితకాలంలో ఓ 5 మందికి ఆ జబ్బు వచ్చే చోట, ఆ 100 మందీ రోజూ తింటే ఆ 5 కాస్తా 6 దగ్గరికి వెళుతుంది. ఇది లెక్కలోకి రానిదేమీ కాదు, కోట్ల మంది ఉన్న దేశానికి చాలా పెద్ద సంఖ్య, అందుకే వాళ్లు హెచ్చరించారు. కానీ నెలకోసారి మీ ఇంట్లో తిన్న సాసేజ్‌కి మీరు రాత్రంతా మేలుకోవాల్సిన పని లేదు. పొగాకు సంగతి అలా కాదు. అది ఏటా 70 లక్షల మందికి పైగా ప్రాణాలు తీస్తోంది, అందులో తాగనివాళ్లు, పక్కన కూర్చుని ఆ పొగ పీల్చినవాళ్లు కూడా ఉన్నారు.

మీరు పారేసిన తీపి బిళ్లల సంగతీ అంతే. వాటిలో వాడే వాటిలో ఒకటైన ఆస్పర్టేమ్‌ని 2023 జులైలో గ్రూప్ 2బీలో పెట్టారు, అంటే రుజువు పరిమితంగానే ఉంది, కొట్టిపారేయలేం అని. సరిగ్గా అదే రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థతో కలిసి పనిచేసే మరో నిపుణుల కమిటీ రోజువారీ పరిమితిని మార్చలేదు: కిలో శరీర బరువుకి 40 మిల్లీగ్రాములు. 70 కిలోల మనిషి ఆ గీత దాటాలంటే రోజుకి 9 నుంచి 14 క్యాన్ల డైట్ డ్రింకు తాగాలి. మొదటి వార్త అందరికీ చేరింది, రెండోది చేరలేదు, బాధ అక్కడే.

అందుకని ఏ హెచ్చరిక కనపడినా మూడు అడగండి. ఎంత మోతాదుకి? ముందున్న ముప్పు ఎంత, అది ఎంతకి పెరిగింది? నేను దాన్ని ఎన్నిసార్లు, ఎంతకాలం వాడుతున్నాను? ఈ మూడింటికీ జవాబు లేని వ్యాసం కనపడితే మూసేయండి, దాని వల్ల మీకు ఒరిగేది ఏమీ లేదు.

ఇంకొకటి. ప్యాకెట్ మీద అర్థం కాని పేరు ఉన్నంత మాత్రాన అది విషం కాదు, ఆస్కార్బిక్ యాసిడ్ అంటే సి విటమినే. ఆ చిన్న అక్షరాల్లో మీ కళ్లు వెతకాల్సింది సోడియం (అంటే ఉప్పు), కలిపిన చక్కెర, పాక్షికంగా హైడ్రోజనేట్ చేసిన నూనె (అంటే గడ్డకట్టేలా మార్చిన నూనె, ట్రాన్స్ కొవ్వు అనే చెడ్డ కొవ్వు దీంట్లో ఉంటుంది). ఈ మూడే ముందు చూడండి. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు, ఉండాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ప్రపంచ సగటు దానికి రెట్టింపు పైన ఉంది. మీరు పెనం పూత గురించి పెట్టిన శ్రద్ధలో సగం ఈ ఉప్పు మీద పెడితే మీ ఇంట్లో ముగ్గురికీ మంచిది.

పెద్దగరిటె

అన్నం గురించి అడిగారు కాబట్టి నేను చెప్తాను. వందల మందికి వండే వంటశాలలో పదహారేళ్లు పని చేశాను. మేం అందరికంటే భయపడేది కూరల్లో రంగు గురించో, ప్లాస్టిక్ గురించో కాదు, వండిన తిండి బయట ఎంతసేపు ఉందన్నదాని గురించి.

అన్నంలో బాసిల్లస్ సీరియస్ అని ఒక బ్యాక్టీరియా ఉంటుంది. దాని బీజాలు ఉడికినా చావవు. వండిన అన్నం గది వేడిలో అలా వదిలేస్తే అవి మొలిచి పెరిగి విషం వదులుతాయి. ఇక్కడే చాలామంది పొరబడేది: "మళ్లీ బాగా మరిగిస్తే పోతుందిలే" అనుకుంటారు. పోదు. వాంతులు తెప్పించే ఆ విషం వేడికి లొంగదు. కాబట్టి మళ్లీ వేడి చేసుకోవచ్చా అన్నది అసలు ప్రశ్నే కాదండి, అది చల్లారేటప్పుడు మీరేం చేశారన్నదే ప్రశ్న. వండిన రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లిపోతే, మర్నాడు ఒక్కసారి పొగలు కక్కేలా వేడి చేసుకుని తినండి, భయం లేదు. రాత్రంతా పొయ్యి గట్టు మీద ఉన్నదైతే ఎంత పారేయాలనిపించకపోయినా పారేయండి.

ఫ్రిజ్‌లో పెట్టడంలో కూడా ఒక మెలిక ఉంది. నేను కొత్తగా చేరినప్పుడు ఒక రాత్రి పెద్ద గిన్నెడు పులుసు మూతపెట్టి, అలాగే చల్లటి గదిలోకి తోసేసి ఇంటికెళ్లిపోయాను. పొద్దున మా పెద్దాయన వచ్చి థర్మామీటర్ పుల్ల గిన్నె మధ్యలోకి దించి నాకు చూపించాడు. గిన్నె అంచు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది, మధ్యలో 34 డిగ్రీలు. రాత్రంతా చల్లటి గదిలో ఉన్నా లోపల గోరువెచ్చగా, బ్యాక్టీరియాకి పరుపు వేసినట్టు ఉంది. ఏమీ అనలేదు ఆయన, గిన్నె మొత్తం సింకులో ఒంపేశాడు. అప్పటి నుంచి ఏది మిగిలినా వెడల్పాటి పళ్లేల్లో రెండు అంగుళాల మందానికి మించకుండా పరుస్తాను. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య ఎంత తక్కువసేపు ఉంటే అంత మంచిది, ఇంట్లో అయినా హోటల్లో అయినా సూత్రం ఒకటే.

"వాసన చూసి చెప్పేస్తాను" అనే మాట దయచేసి నమ్మకండి. తిండి కుళ్లబెట్టే క్రిములు వేరు, మనిషిని పడుకోబెట్టే క్రిములు వేరు. మొదటివి వాసన ఇస్తాయి, రెండోవి చాలాసార్లు ఏ వాసనా ఇవ్వవు.

పచ్చి చికెన్ కుళాయి కింద కడగొద్దు. ఆ నీటి తుంపరలు సింకు, పక్కనే ఉన్న కూరగాయలు, మీ చేతులు అన్నిటి మీదా పడతాయి, కడిగినందుకు క్రిములు పోవు, ఉడికితేనే పోతాయి. ఫ్రిజ్‌లో పచ్చి మాంసం ఎప్పుడూ అట్టడుగు అరలో ఉండాలి, కారినా మిగతావాటి మీద పడకుండా. వేరుశనగ గింజలకి, మొక్కజొన్నకి బూజు పడితే బూజు పట్టినవి ఏరేసి మిగతావి వేయించుకుందాం అనుకోకండి, ఆ బూజులో వచ్చే అఫ్లాటాక్సిన్ వేయించినా పోదు, కాలేయానికి చాలా చెడ్డది. కొలతమనిషి గారు చెప్పిన గ్రూప్ 1లో అది కూడా ఉంది, దీనికి మాత్రం నేను నిజంగా భయపడతాను.

మైక్రోవేవ్ మళ్లీ వాడుకోండమ్మా. అది చేసేది వేడి చేయడమే, తిండిలో ఏ కిరణాలూ మిగలవు. దాని లోపం ఒక్కటే, అంతటా సమానంగా వేడెక్కదు. సగంలో తీసి కలిపి మళ్లీ పెట్టండి. గాజు గిన్నెలో పెడితే మీ ప్లాస్టిక్ బెంగ కూడా తీరుతుంది. బాబు పాలు మాత్రం దాంట్లో వేడి చేయకండి, సీసా చల్లగా అనిపిస్తూనే లోపల ఒకచోట నోరు కాలేంత వేడి ఉంటుంది.

మూడోషిఫ్ట్

నేను ఎమర్జెన్సీ వార్డులో నర్సుని, ఎక్కువ రాత్రి డ్యూటీలు. మీ పోస్టు చదువుతుంటే నాకు రోజూ కనపడే మనుషులే గుర్తొచ్చారు. స్ట్రెచర్ మీద వచ్చే వాళ్లలో ఎక్కువమందికి దెబ్బ తగిలింది వాళ్లకి బాగా అలవాటైన చోటే: మెట్లు, బాత్‌రూమ్, వంటగది, మందుల డబ్బా.

జారిపడటాన్ని చిన్నదిగా తీసుకోకండి. ప్రపంచంలో ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు, ప్రమాదవశాత్తు పోయేవాళ్లలో రోడ్డు ప్రమాదాల తర్వాత ఇదే. పెద్దవాళ్లలో తుంటి విరగడమంటే విరిగిన ఎముకతో అయిపోదు, మంచం పడితే ఊపిరితిత్తుల్లో నిమ్ము, కండ పోవడం, మళ్లీ పడతామన్న భయంతో అసలు కదలకపోవడం, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అందుకని డాక్టర్లు సరే అన్న దగ్గర్నుంచి ఆవిడని నడిపించండి, నొప్పి అంటే జాలిపడి పడుకోబెట్టేయకండి.

ఇంటికి తెచ్చే ముందు: బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి గోడకి గట్టి కడ్డీ, జారని మ్యాట్, మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు, దారిలో వైర్లు, అంచులు లేచిన కార్పెట్ లేకుండా. రాత్రి లేవగానే నడిచేయకుండా మంచం అంచున ఒక నిమిషం కూర్చోమని చెప్పండి, పడుకున్నవాళ్లు ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఇంకో ముఖ్యమైన సంగతి, బీపీకి ఇచ్చిన కొత్త మందుల్లో మూత్రం ఎక్కువ వచ్చే బిళ్ల ఉందేమో అడగండి. ఉంటే దాన్ని పొద్దున వేసుకోవచ్చా అని డాక్టరుని అడగండి. సాయంత్రం వేసుకుని రాత్రి మూడుసార్లు లేచి పడినవాళ్లని నేను లెక్కలేనంత మందిని చూశాను. కాస్త సమయం మార్చుకుంటే సరిపోయే దానికి ఎముకలు విరగ్గొట్టుకోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

నొప్పి బిళ్లలు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి రోజూ వేసుకుంటే బీపీ పెరుగుతుంది, బీపీ మందు పనిచేయడం తగ్గుతుంది, కడుపులో పుండ్లు, కిడ్నీల మీద భారం. మీ అత్తగారికి 180 ఉండటంలో ఉప్పుతో పాటు ఆ బిళ్లలకీ వాటా ఉండొచ్చు, డాక్టరుకి పేరుతో సహా చెప్పండి, వీలైతే ఖాళీ రేకు తీసుకెళ్లండి. పారాసిటమాల్ సురక్షితమని పేరు కదా, అది కూడా పెద్దవాళ్లకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, అంటే 500 మిల్లీగ్రాముల బిళ్లలు ఎనిమిది, బరువు తక్కువున్నవాళ్లకి, కాలేయం జబ్బు ఉన్నవాళ్లకి ఇంకా తక్కువ. జలుబు మందుల్లో కూడా అదే ఉంటుంది. జ్వరానికో బిళ్ల, జలుబుకో బిళ్ల, ఒళ్లునొప్పులకి మరోటి అని మూడు పేర్లతో ఒకే మందు మింగినవాళ్లు వస్తారు. మొదటి రోజు ఏమీ అనిపించదు, కాలేయం దెబ్బతిన్నట్టు తర్వాత బయటపడుతుంది. ఎక్కువ వేసుకున్నామని తెలిస్తే బాగానే ఉందని ఆగకుండా వెంటనే రావాలి.

మీ ఇంట్లో చిన్నబాబు ఉన్నాడు కాబట్టి ఇది కూడా. నా డ్యూటీలో ఒక రాత్రి ఒక తండ్రి చేతిలో సీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, మామూలు తాగే నీళ్ల సీసా, లేబుల్ కూడా అలాగే ఉంది, అడుగున రెండు వేళ్ల మందం నీళ్లలాంటిదే ఉంది. మూత తీస్తే ఘాటు. డ్రెయిన్ శుభ్రం చేసే మందు పెద్ద డబ్బాలోంచి కొంచెం దాంట్లో పోసి సింకు కింద పెట్టారట. పిల్లకి నాలుగేళ్లు, దాహమేసింది. దయచేసి ఏ క్లీనర్‌నీ తాగే సీసాలో పోయకండి, ఒక్క పూటకైనా సరే. పొరపాటున తాగితే వాంతి చేయించకండి, లోపలికి వెళ్లేటప్పుడు కాల్చింది బయటికి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. బ్లీచ్‌లో టాయిలెట్ యాసిడ్ కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, బాత్‌రూమ్ తలుపు మూసుకుని రుద్దేవాళ్లు ఊపిరాడక పడిపోతారు. రెండూ వేస్తే ఇంకా తెల్లగా వస్తుందని కలుపుతారు, పాపం. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే బిళ్ల బ్యాటరీ పిల్లలు మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని కాల్చేయగలదు, అనుమానం వచ్చినా సరే ఎక్స్‌రేకి తీసుకెళ్లాలి.

ఒళ్లు కాలితే కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు. ఐస్ వద్దు, టూత్‌పేస్ట్ వద్దు. అంతే.

పాతచెట్టు

పైన రాసినవాళ్లందరూ మంచి మాటలే చెప్పారు. ఒక్కచోట నేను ఒప్పుకోలేను, అది చెప్పి వెళ్తాను.

"కంటికి కనపడనివాటి గురించి ఎక్కువ భయపడుతున్నారు" అని తేలిగ్గా అనేస్తాం గానీ, ఆ భయం నిజమైన సందర్భాలు ఉన్నాయి. ట్రాన్స్ కొవ్వు సంగతే చూడండి. గడ్డకట్టిన కూరగాయల నూనె జంతువుల కొవ్వు కంటే మంచిదని కొన్ని దశాబ్దాలపాటు అమ్మారు, జనం మంచిదనే తిన్నారు. అది చెడ్డ కొలెస్ట్రాల్‌ని పెంచి మంచి కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తుందని 1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు మెన్సింక్, కటాన్ చూపించారు. దానికి మొదట చట్టంతో పరిమితి పెట్టిన దేశం డెన్మార్క్, 2003లో. మధ్యలో పదమూడేళ్లు. పెట్రోల్‌లో సీసం కలపడం 1920లలో మొదలైతే ప్రపంచంలో చివరి బంకులో అది ఆగింది 2021లో. పిల్లల మెదడుకి సీసం ఇంత వరకు ఫర్వాలేదు అనే మోతాదే లేదని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటారు. అప్పట్లో దాని గురించి అడిగినవాళ్లని అతిగా భయపడుతున్నారనే అన్నారు.

కాబట్టి రాత్రిదీపం గారూ, మీరు అడగడం మానకండి. బాబు నేల మీద పాకే ఇంట్లో సీసం ఉండే అవకాశమున్న పాత పెయింట్ పెచ్చులూడుతుంటే అది పట్టించుకోవాల్సిందే, పెచ్చులు నోట్లో పెట్టుకుంటారు, దుమ్ము చేతులకి అంటుతుంది. దాన్ని పొడిగా గీకొద్దు, గీకితే ఆ దుమ్మంతా ఇల్లంతా పరుచుకుంటుంది.

నాకు ఈ విషయం మీద ఇంత పట్టు ఎందుకంటే, మా అమ్మ జీవితంలో ఒక్క సిగరెట్ ముట్టలేదు. కిటికీ లేని వంటగదిలో కట్టెల పొయ్యి మీద నలభై ఏళ్లు వండింది. ఆ గది పైకప్పు నల్లగా, వేలితో గీస్తే జిడ్డుగా మసి ఊడొచ్చేది. చివరి ఎనిమిదేళ్లు పది అడుగులు నడిస్తే ఆగి గోడ పట్టుకుని ఊపిరి తీసుకునేది. సీఓపీడీ అన్నారు, ఊపిరితిత్తుల్లో గాలి ఆడక ఏళ్ల తరబడి ఉండే జబ్బు. "ఎన్నేళ్లు సిగరెట్ తాగారు?" అని ఆవిణ్ణి అడిగినప్పుడు ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇళ్లలో పొయ్యి పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అది ఎమర్జెన్సీకి రాదు, ఒక్క రోజులో ఏమీ చేయదు, అందుకే ఎవరూ లెక్కపెట్టరు. ఉప్పు కూడా అంతే, పొగాకూ అంతే.

మూడోషిఫ్ట్ గారు చెప్పినవి ఒక్క క్షణంలో దెబ్బకొట్టేవి, నేను చెప్పేవి ముప్ఫై ఏళ్లు పట్టేవి. రెండూ చూసుకోవాలి. గ్యాస్ పొయ్యి అయినా సరే వంట చేస్తున్నంతసేపు కిటికీ తీసి ఉంచండి, లేదా ఫ్యాన్ వేయండి. బొగ్గుల కుంపటి గాని, జనరేటర్ గాని మూసిన గదిలో ఎప్పుడూ పెట్టకండి, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తలనొప్పి వచ్చి నిద్రమత్తు కమ్మేసరికి లేవడానికి ఒంట్లో శక్తి ఉండదు.

కొలతమనిషి

పాతచెట్టు గారూ, మీ మాట నిజం, నేను సరిదిద్దుకుంటాను. గ్రూపు చూసి బెంబేలు పడొద్దు అని చెప్పాలనుకున్నాను, అసలు అడగొద్దు అని కాదు. అమ్మగారి సంగతి చదివి మనసు బాధపడింది.

ఒక్క తేడా మాత్రం చెప్తాను. సీసం, ట్రాన్స్ కొవ్వు రెండూ చివరికి ఆగింది ఇంటింటా మనుషులు లేబుళ్లు చదవడం వల్ల కాదు, చట్టాలు వచ్చాయి కాబట్టి. ఇంట్లో తల్లి ఒక్కతే అన్నీ కాపలా కాయాలంటే ఎవరివల్లా కాదు. అందుకే మన చేతిలో ఉన్నవి, మన ఇంట్లో పెద్దగా తేడా తెచ్చేవి ముందు పట్టుకోమంటున్నాను.

ఆ కోవలోదే ఇంకొకటి. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచుకుని, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు ఇంట్లో వండినట్టుండే తిండి పెట్టారు. పెట్టిన వాటిలో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు లెక్కకి సమానం, ఎంత కావాలంటే అంత తినొచ్చు. ప్రాసెస్ చేసిన తిండి ఉన్నప్పుడు వాళ్లు రోజుకి 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు కిలో బరువు పెరిగారు. ఆ తిండి త్వరగా తినేస్తాం, పొట్ట నిండిన సంగతి తెలిసేలోపే. చిన్న ప్రయోగమే, అయినా ఒక ఫలానా రసాయనం పేరు వెతకడం కంటే ప్యాకెట్ తిండి మొత్తంగా ఎంత ఉందో చూసుకోవడం మేలని నాకు అనిపించేది దీనివల్లే.

రాత్రిదీపం

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రెండుసార్లు చదివాను, మా ఆయన కూడా చదివారు. భోజనం దగ్గర గొడవ పడకుండా మాట్లాడుకున్నది చాలా రోజుల తర్వాత నిన్ననే.

బల్బు మార్చాం, నడవాలో రాత్రి లైటు పెట్టాం, కడ్డీ బిగించడానికి మనిషి రేపు వస్తాడు. సింకు కింద చూస్తే నిజంగానే ఒక నీళ్ల సీసాలో ఫ్లోర్ క్లీనర్ ఉంది, నేనే పోసి పెట్టాను. చూడగానే చేతులు వణికాయి. అన్నీ పైఅరలోకి ఎక్కించి తాళం వేశాను. మూత్రం ఎక్కువ వచ్చే బిళ్ల ఉందో లేదో అడిగాను, ఉంది, సాయంత్రం అని రాసి ఉంది, డాక్టరు గారు పొద్దునకి మార్చారు. మూడోషిఫ్ట్ గారూ, మీకు రుణపడి ఉంటాను.

ఉప్పు దగ్గరే చిక్కు. ఆవిడకి చప్పగా ఉంటే ముద్ద దిగడం లేదు, ఇప్పుడు బలం కోసం తినాలి కూడా. "సోడియం తక్కువ ఉప్పు" అని ఒక ప్యాకెట్ తెచ్చాను. అది వాడొచ్చా?

మూడోషిఫ్ట్

ఆగండి, ఇంకా వాడకండి. ఆ ఉప్పులో సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీలు బాగా పనిచేసేవాళ్లకి అది మంచిదే, బీపీ తగ్గడానికి సాయం చేస్తుంది. కానీ ఆవిడ రెండేళ్లు నొప్పి బిళ్లలు వేసుకున్నారు, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడాలి, పైగా కొన్ని బీపీ మందులు కూడా ఒంట్లో పొటాషియం పెంచుతాయి. అది బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది. రక్తపరీక్ష వచ్చాక డాక్టరు సరే అంటేనే.

అప్పటిదాకా మామూలు ఉప్పే వాడండి. వండేటప్పుడు కాస్త తగ్గించి, నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లితో రుచి లాగండి, ఉప్పు డబ్బా మాత్రం బల్ల మీద ఉండొద్దు. ఒకేసారి కాకుండా వారానికి కొంచెం కొంచెంగా తగ్గిస్తే నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది.

రాత్రిదీపం

ప్యాకెట్ ఇంకా విప్పలేదండి, అలాగే పక్కన పెట్టేశాను. శుక్రవారం చూపించడానికి తీసుకెళ్తున్నాం, కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే క్రియాటినిన్, పొటాషియం రెండూ పరీక్షకి రాయమని అడుగుతాను. రిపోర్టు రాగానే ఇక్కడ రాస్తాను.